థండర్‌బర్డ్ అడ్రస్ బుక్: గుజ్జు వ్యాపారపు కార్యాలయంలో వాడి చూశాక

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు వ్యాపారంలో ఉన్నవారికి ఫోన్ ఎంత ముఖ్యమో మెయిల్ కూడా అంతే ముఖ్యం. రైతుతోనూ ర్యాంపు (కాయలు కొని పోగుచేసే చోటు) యజమానితోనూ లారీ డ్రైవరుతోనూ మాట ఫోన్‌లోనే తేలిపోతుంది గాని, విదేశీ కొనుగోలుదారుకు చెప్పే ధరలు, చెన్నైలోని షిప్పింగ్ ఏజెంటుకు పంపే ఇన్వాయిస్, ల్యాబ్ నివేదిక, బ్యాంకు పత్రాలు మాత్రం మెయిల్‌లోనే నడవాలి. ఒకే కంప్యూటరు ముందు కూర్చుని రోజంతా ఇవే పంపే చోట బ్రౌజరు కంటే డెస్క్‌టాప్ ప్రోగ్రామే సౌకర్యం. మా కార్యాలయంలో అందుకోసం కొన్నేళ్లుగా థండర్‌బర్డ్‌ను వాడుతున్నాము. 2004 డిసెంబరులో మొదటి వెర్షన్ వచ్చిన ఈ ప్రోగ్రాం ఉచితం. వాడేవారి విరాళాల మీద నడుస్తుంది. ఇందులో చెప్పదగినవి చాలా ఉన్నా, ఇక్కడ ఒక్క భాగాన్నే తీసుకుంటున్నాను. ‘టు’ గడిలో రెండు మూడు అక్షరాలు కొట్టగానే మెయిల్ ఐడీని అందించే ఆటోఫిల్, దాని వెనుక ఉండే అడ్రస్ బుక్, ఈ రెండూ తేడా చేసినప్పుడు ఎక్కడ వెతకాలన్నదే నా విషయం.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఆటోఫిల్ మంచిది, ఎందుకంటే ఇది చూపే ప్రతి పేరూ ఎక్కడో ఒక పుస్తకంలో కంటికి కనబడేలా ఉంటుంది, కాబట్టి దిద్దుకోవచ్చు. అయితే ఆ పేరు ఏ పుస్తకం నుంచి వచ్చిందో తెలియనంతకాలం ఎంత దిద్దినా పని జరగదు. ఆటోఫిల్ పాడైందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడే చిక్కుకుంటాయి.

ప్రోగ్రాం వేసుకోగానే రెండు పుస్తకాలు ఉంటాయి. మనం స్వయంగా చేర్చుకునే పేర్లకు ‘పర్సనల్ అడ్రస్ బుక్’, మనం మెయిల్ పంపినవారిలో ఏ పుస్తకంలోనూ లేని ఐడీలను ప్రోగ్రాం తనంతట తాను దాచిపెట్టేందుకు ‘కలెక్టెడ్ అడ్రసెస్’. ఆటోఫిల్ ఈ రెండింటినీ కలిపి వెతికి, ఒకే వరుసలో చూపిస్తుంది. ఎవరికి ఎక్కువసార్లు పంపామో లెక్క ఉంచుకుని ఆ పేరును పైకి తెస్తుంది. రెండో పుస్తకంలోకి ఏది చేరాలో అది విచారించదు, పంపడమే కొలమానం. ఐడీ తప్పు కొట్టి, ఆ మెయిల్ చేరక తిరిగి వచ్చినా సరే, పంపిన క్షణంలోనే ఆ తప్పు ఐడీ పుస్తకంలో చేరిపోయి ఉంటుంది.

దీని ఫలితం ఎలా ఉంటుందో మా అకౌంట్స్ గదిలో దగ్గరగా చూశాను. జీమెయిల్ ఐడీ చివర ‘డాట్ కామ్’కు బదులు ‘డాట్ కో’ పడిన ఐడీ ఒకటి వరుసలో అసలు ఐడీకి పైనే వచ్చి కూర్చునేది. తేడా ఒక్క అక్షరం, అదీ చిట్టచివర, సన్నటి అక్షరాల్లో. మా కుర్రవాడు ఎంటర్ నొక్కగానే పేరు గుండ్రటి అంచుల చిన్న గడిగా మారేది. తప్పు గమనించినప్పుడల్లా ఆ గడి మీద కుడి మీట నొక్కి ‘ఎడిట్ అడ్రస్’ ద్వారా ఆ చివరి అక్షరం చేర్చి పంపేవాడు. మెయిల్ చక్కగా వెళ్లేది, మర్నాడు మళ్లీ అదే తప్పు పేరు వచ్చేది. అతను దిద్దుతున్నది ఆ ఒక్క మెయిల్‌లోని గడిని మాత్రమే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఉంది. ఇలా గడిలో దిద్దిన ఐడీ ఏ పుస్తకంలోనూ లేనిదైతే అదీ కలెక్టెడ్ అడ్రసెస్‌లో కొత్తగా చేరుతుంది, అప్పుడు ఒకే మనిషికి రెండు పేర్లు పోటీ పడతాయి.

చేయవలసిన పని వేరు. కంట్రోల్, షిఫ్ట్, బి కలిపి నొక్కితే అడ్రస్ బుక్ తెరుచుకుంటుంది. ఎడమవైపు ‘ఆల్ అడ్రస్ బుక్స్’ ఎంచుకుని, పేరుతో కాకుండా ఐడీలోని కొన్ని అక్షరాలతో వెతకాలి. పేరుతో వెతికితే, పేరు లేకుండా కేవలం ఐడీగా దాచిన నమోదులు తప్పించుకుంటాయి. కనబడిన తప్పు నమోదును తొలగించాలి. అది రెండు పుస్తకాల్లోనూ ఉంటే రెండు చోట్లా తొలగించాలి. సరైన నమోదును కలెక్టెడ్ అడ్రసెస్ నుంచి పర్సనల్ అడ్రస్ బుక్‌లోకి లాగి పడేస్తే ఇక దాని గురించి ఆలోచించనక్కర లేదు. సెట్టింగ్స్‌లో కంపోజిషన్ విభాగంలో ‘బయటికి వెళ్లే మెయిల్ ఐడీలను తానే చేర్చు’ అన్న అర్థం వచ్చే గడికి టిక్కు తీసేస్తే ఈ పోగు పడటమే ఆగుతుంది. మేము తీసేశాము. కొత్త కొనుగోలుదారు వచ్చినప్పుడు ఒక నిమిషం వెచ్చించి పేరు, ఊరు, సంస్థ నింపి చేర్చుకోవడం, తరువాత నూరు అనుమానపు పేర్ల మధ్య వెతుక్కోవడం కంటే నయమని నా లెక్క. రోజూ కొత్తవారికి రాసేవారికి మాత్రం ఇది ఇబ్బందే అవుతుంది.

ఏ పేరు ఏ పుస్తకం నుంచి వచ్చిందో ఆటోఫిల్ వరుసలోనే చూపించే ఏర్పాటు ఈ ప్రోగ్రాంలో ఉంది, కాని దాన్ని సామాన్యుడి కంట పడకుండా దాచారు. సెట్టింగ్స్‌లో జనరల్ విభాగం అట్టడుగున ఉన్న కాన్ఫిగ్ ఎడిటర్ తెరిచి, ‘మెయిల్ డాట్ ఆటోకంప్లీట్ డాట్ కామెంట్‌కాలమ్’ అన్న వరుస విలువను సున్నా నుంచి 1కి మార్చాలి. ఆ తరువాత ప్రతి సూచన పక్కనా పుస్తకం పేరు కనిపిస్తుంది. ఇంత ఉపయోగమైనదాన్ని మామూలు సెట్టింగుల్లో ఒక టిక్కుగా ఎందుకు పెట్టలేదో నాకు అంతుపట్టదు.

మా జిల్లా వారికి పాత ఐడీల బెడద మరో విధంగా కూడా ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో తిరుపతి కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అంతవరకు చిత్తూరు కార్యాలయాలతోనే ఉత్తరప్రత్యుత్తరాలు నడిపినవారిలో పాకాల వైపు ఉన్నవారు తిరుపతికి రాయవలసి వచ్చింది, బంగారుపాళ్యం వైపువారు చిత్తూరుకే రాస్తున్నారు. రెండు చోట్లా యూనిట్లు ఉన్నవారి అడ్రస్ బుక్‌లో ఒకే శాఖ పేరు రెండుసార్లు ఉండక తప్పదు. ఏళ్ల తరబడి పాత కార్యాలయానికే పంపి ఉన్నందువల్ల లెక్క ప్రకారం అదే పైకి వస్తుంది. దీనికి తొలగించడం మందు కాదు, రెండూ కావాలి కాబట్టి. ఇక్కడ పనికొచ్చేది నిక్‌నేమ్ గడి.

ఈ నిక్‌నేమ్ గడిని పట్టించుకునేవారు తక్కువ. ప్రతి నమోదులోనూ అది ఉంటుంది. అందులో ఏది రాస్తే అదే అక్షరాలు కొట్టినప్పుడు, ఎక్కువసార్లు పంపిన లెక్కను కూడా దాటి, ఆ నమోదు వరుసలో మొదటికి వస్తుంది. చిత్తూరు కార్యాలయాలకు ‘సి’తో, తిరుపతివాటికి ‘టి’తో మొదలయ్యే మూడేసి ఇంగ్లిషు అక్షరాలు పెట్టుకుంటే తికమక పోతుంది. కొనుగోలుదారులకు వారి రేవు పట్టణం పేరులోని అక్షరాలు పెట్టాము; పొడవాటి అరబ్బు సంస్థల పేర్లను గుర్తుంచుకుని కొట్టవలసిన పని తప్పింది. రెండు సంస్థల పేర్లు ఒకే మాటతో మొదలైనప్పుడు ఒకరి ధర మరొకరికి పోయే ప్రమాదం వ్యాపారంలో చిన్నది కాదు. టన్నుకు కొద్ది డాలర్ల తేడా దగ్గరే బేరాలు తెగిపోతాయి. ఈ ఒక్క సదుపాయం కోసమైనా ఈ ప్రోగ్రాంను సిఫారసు చేస్తాను.

ఇక ఆటోఫిల్ ఏమీ చూపకపోతే ఏం చేయాలన్నది. మొదట కంపోజిషన్ సెట్టింగుల్లో ‘లోకల్ అడ్రస్ బుక్స్’ గడికి టిక్కు ఉందో లేదో చూడాలి. ఉంటే పుస్తకం తెరిచి పేర్లు ఉన్నాయో లేదో చూడాలి. విండోస్ మళ్లీ వేయించిన తరువాత ఖాళీగా కనబడటం తరచుగా జరిగేదే. మెయిళ్లన్నీ తిరిగి వచ్చాయి, పేర్లు మాత్రం ఎందుకు రాలేదని మా ఊళ్లో రిపేరు దుకాణాల దగ్గర వాదించేవారిని చూశాను. ఐమ్యాప్, అంటే మెయిళ్లను సర్వరులోనే ఉంచే పద్ధతిలో, అక్కడి నుంచి తిరిగి వచ్చేవి మెయిళ్లు మాత్రమే. అడ్రస్ బుక్ ఆ కంప్యూటరులోని ప్రొఫైల్ ఫోల్డరులో ఉంటుంది, దాన్ని ఎవరూ కాపీ చేయకపోతే డిస్కుతో పాటే పోతుంది. హెల్ప్ మెనూలోని ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ ద్వారా ఆ ఫోల్డరును తెరవవచ్చు. పర్సనల్ అడ్రస్ బుక్ ‘ఏబుక్ డాట్ ఎస్‌క్యూలైట్’ అన్న ఫైలులోనూ, కలెక్టెడ్ అడ్రసెస్ ‘హిస్టరీ డాట్ ఎస్‌క్యూలైట్’ అన్న ఫైలులోనూ ఉంటాయి. ప్రోగ్రాంను మూసేసిన తరువాతే వాటిని కాపీ చేయాలి. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌కు ముందు ఇవే ‘డాట్ మ్యాబ్’ అన్న పాత తరహా ఫైళ్లుగా ఉండేవి. పాత పెన్‌డ్రైవులో అవి దొరికితే ఫోల్డరులో నేరుగా పెట్టకుండా, టూల్స్ మెనూలోని ఇంపోర్ట్ ద్వారా తెచ్చుకోవాలి. విండోస్ 7 కంప్యూటర్లు ఇంకా నడుపుతున్నవారికి 115వ వెర్షన్ వరుసే చివరిది; ఆ పైవి వాటిలో పడవు.

తెలుగు పేర్ల విషయం విడిగా చెప్పాలి. రైతు సంఘాల పేర్లు, గ్రామాల పేర్లు తెలుగులోనే నమోదు చేసుకున్నాము, తెలుగులో కొట్టినా ఆటోఫిల్ చక్కగా అందుకుంటుంది. చిక్కంతా ఎక్సెల్‌తో. అడ్రస్ బుక్‌ను సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన పట్టికగా) బయటికి తీసేటప్పుడు ‘సిస్టమ్ క్యారెక్టర్ సెట్’ అని ఒకటి, ‘యూటీఎఫ్ 8’ అని ఒకటి అడుగుతుంది. తెలుగు ఉన్నవారు అన్ని లిపులకూ పనికొచ్చే రెండోదే ఎంచుకోవాలి. అలా తీసిన ఫైలును రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు అక్షరాలు అర్థం లేని గుర్తులుగా కనబడవచ్చు. అక్కడే కంగారుపడి సేవ్ చేస్తే ఆ గుర్తులే శాశ్వతమవుతాయి. డేటా మెనూ ద్వారా, 65001 యూటీఎఫ్ 8 అని చెప్పి తెచ్చుకోవాలి. తిరిగి దాచేటప్పుడు మామూలు సీఎస్‌వీ కాక ‘సీఎస్‌వీ యూటీఎఫ్ 8’ అన్న రకం ఎంచుకోవాలి. మామూలు రకంలో దాస్తే తెలుగు పేర్ల స్థానంలో వరుసగా ప్రశ్నార్థకాలు మిగులుతాయి, వాటిని వెనక్కి తెచ్చే దారి లేదు. ఎక్సెల్‌లో దిద్దే పని లేనివారు వీకార్డ్ (కాంటాక్టులను దాచే ఫైలు రకం) రూపంలో తీసుకుంటే ఈ తలనొప్పే ఉండదు.

మెయిలింగ్ లిస్టుల గురించి నాకు అంత మంచి అభిప్రాయం లేదు. ఒక పేరు కొట్టగానే పదిమందికి మెయిల్ పోవడం సౌకర్యమే గాని, లిస్టు పేరును ‘టు’ గడిలో పెడితే పంపేటప్పుడు అది విడివిడి ఐడీలుగా విచ్చుకుని, అందుకున్న ప్రతి ఒక్కరికీ మిగతావారు కనబడతారు. కొనుగోలుదారుల లిస్టుకు సీజన్ ధరలు ఇలా పంపితే మన ఖాతాదారుల జాబితాను మనమే పంచిపెట్టినట్టు. ఒకరి ఐడీ మరొకరికి కనబడని ‘బీసీసీ’ గడిలో పెట్టడం ఒక్కటే మార్గం. అందరికీ కనబడే ఐడీలు 15కు చేరితే ప్రోగ్రాం హెచ్చరించి బీసీసీ వాడమంటుంది. మా వంటివారి లిస్టులో ఉండేది ఎనిమిది, తొమ్మిది మందే కాబట్టి ఆ హెచ్చరిక మా దాకా రాదు. మరొకటి: పుస్తకంలో ఒక నమోదును తొలగిస్తే ఆ మనిషి లిస్టు నుంచీ పోతాడు, మళ్లీ చేర్చినా లిస్టులోకి తనంతట తాను తిరిగి రాడు. శుభ్రం చేసే పని పెట్టుకున్నప్పుడు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఫోన్‌లోని పేర్లను తెచ్చుకోవాలనుకునేవారికి 2021లో వచ్చిన 91వ వెర్షన్ నుంచి కార్డ్‌డావ్ (నెట్‌లోని కాంటాక్టులను తెచ్చి కలిపే పద్ధతి) సదుపాయం ఉంది. గూగుల్ ఖాతాను కలిపితే అక్కడి కాంటాక్టులు ఒక ప్రత్యేక పుస్తకంగా వస్తాయి. ఫోన్‌లో ఉన్న రైతుల పేర్లు పుస్తకంలో కనబడుతున్నా ఆటోఫిల్‌లో రావడం లేదని కంగారు పడనక్కర లేదు. మెయిల్ ఐడీ లేని నమోదులను ఆటోఫిల్ చూపదు, చూపితే ప్రయోజనమూ లేదు.

అవుట్‌లుక్‌తో పోలిక అడిగేవారికి ఒక మాట. పాత తరహా అవుట్‌లుక్‌లో ఆటోఫిల్ జాబితా కాంటాక్టులతో సంబంధం లేకుండా వేరుగా ఉంటుంది. మామూలుగా 1000 పేర్ల వరకు దాస్తుంది, తప్పు పేరు కనబడినప్పుడు పక్కనున్న ఇంటూ గుర్తు నొక్కి తీసేయవచ్చు. ఆ తీసేయడం థండర్‌బర్డ్‌లో కంటే సులువని ఒప్పుకోవాలి. కాని ఆ జాబితా మొత్తాన్ని ఒకచోట తెరిచి చదివి దిద్దే గది ఆ ప్రోగ్రాంలో లేదు. ఒక్కొక్కటిగా తీసేయాలి, లేదా అంతా ఒకేసారి ఖాళీ చేయాలి. పదిమంది కొనుగోలుదారులతో నెలల తరబడి లావాదేవీలు నడిపే కార్యాలయానికి చదివి దిద్దగలిగే పుస్తకమే పనికొస్తుంది.

ఒంటరిగా ఇంట్లో వాడుకునేవారికి ఇంత శ్రద్ధ అక్కర లేదు, జీమెయిల్ చాలు. నలుగురు కూర్చునే కార్యాలయమైతే, అడ్రస్ బుక్‌లో చేర్చే, తొలగించే పనిని ఒక్కరికే అప్పగించండి. తోతాపురి కాయ కోతకు రాకముందే, అంటే మే నెలలోనే, ఆ మనిషి కలెక్టెడ్ అడ్రసెస్‌ను ఒకసారి చివరి వరకు చదివి ఏరివేసి, రెండు ఎస్‌క్యూలైట్ ఫైళ్లను పెన్‌డ్రైవులోకి తీసి పెట్టాలి. జూన్ వచ్చాక ఆ పనికి ఎవరికీ తీరిక దొరకదు.