సాయంత్రం రమ్మని పంపేసిన చెప్పుల కొట్టు, 1,450 రూపాయల కొండ బూట్లు

ముందే చెప్పేస్తున్నా, ఈ కొట్టు పేరు రాయడం లేదు. రాస్తాను బాబాయ్ అంటే కొట్టు పెద్దాయనే వద్దన్నాడు. "పేరు రాయకమ్మా, ఫోన్లు చేసి సైజులు అడుగుతారు, కాలు చూడకుండా నేనేటి చెప్పగలను" అన్నాడు. కాబట్టి ఒడిశాలోని మా పర్లాకిమిడి బజార్లో, ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి రోడ్డు మీద నిలబడాల్సినంత చిన్న కొట్టు అని మాత్రం చెప్తాను. బయట హవాయి చెప్పులు దండల్లా వేలాడుతుంటాయి, వానాకాలమైతే వాటి పక్కన రబ్బరు బూట్లు. కొండెక్కే బూట్లు ఇక్కడ దొరుకుతాయని చూసినవాళ్లెవరికీ అనిపించదు, నాకూ అనిపించలేదు.

నా కథ కొంచెం చెప్పాలి, లేకపోతే ఒక చెప్పుల కొట్టు గురించి ఇంత ఎందుకు రాస్తున్నానో అర్థం కాదు. మహేంద్రగిరి మాకు దగ్గర. మా గజపతి జిల్లాలోనే ఉంది, 1,501 మీటర్లు, శివరాత్రికి ఇటు ఒడిశా అటు ఆంధ్రా జనం అంతా అక్కడే. పైదాకా వాహనాలు వెళ్తాయి గానీ మా ఆఫీసు గుంపుకు నడిచి ఎక్కాలని పిచ్చి. మొదటిసారి వెళ్లినప్పుడు ఆన్‌లైన్ సేల్లో కొన్న బూట్లు వేసుకెళ్లాను. సగం ధరకు వచ్చాయని మురిసిపోయాను. నేను మామూలుగా వేసే 6వ నంబరే, ఇంట్లో వేసి చూస్తే పట్టినట్టుగా ఉంది, ఆహా అనుకున్నా. ఎక్కేటప్పుడు ఏ బాధా లేదు. దిగేటప్పుడు మొదలైంది చూడండి, ప్రతి అడుక్కీ బొటనవేలు వెళ్లి ముందు గోడకి కొట్టుకోవడం! కుంతి గుడి దగ్గరికి వచ్చేసరికి రెండు బొటనవేళ్లూ మంటలు. పది రోజులకు గోళ్లు నల్లబడ్డాయి, రెండు నెలలకు ఒకటి ఊడింది. మా అత్తగారు ఆ గోరు చూసి "దేవుడి దగ్గరికి వెళ్లొచ్చిన కాలేనా ఇది" అంది.

రెండోసారి తెలివిగా మా ఆయన పాత బూట్లు వేసుకున్నాను, రెండు జతల మేజోళ్లతో. మంచి ఖరీదైన జత, రెండుసార్లు కూడా వాడలేదు, ఆరేళ్లుగా అటక మీద డబ్బాలో పదిలంగా ఉన్నాయి. ఆ పదిలమే కొంప ముంచింది. రెండు గంటలు నడిచేసరికి సోల్ తడిసిన రస్కులా పొడిపొడిగా రాలిపోయింది, వెనక నడిచేవాళ్లు "ఏటి రాలుతోంది" అని ఏరి చూపించారు. తర్వాత తెలిసింది, కొన్ని బూట్ల సోల్ మధ్య పొర పాలియురెథేన్‌తో చేస్తారట, దానికి గాల్లో తేమ తగిలి తగిలి లోలోపలే చివికిపోతుంది, వాడకుండా దాచినా అంతే. మన ఈ తేమ ఊళ్లలో చెప్పనే అక్కర్లేదు. తేలిగ్గా ఉండే ఈవీఏ అనే నురుగు సోల్‌కి ఈ రోగం లేదు.

అలా రెండు దెబ్బలు తిన్నాక, పెద్ద స్పోర్ట్స్ షాపుకు వెళ్దామంటే ఇటు విశాఖ, లేదా అటు భువనేశ్వర్. బూట్ల కోసం అంత దూరమా అని విసుగొచ్చి ఒక శనివారం పొద్దున్నే ఈ కొట్టుకు వెళ్లాను.

పెద్దాయన నా కాళ్ల వంక చూసి, ఏం కావాలని కాకుండా "ఎక్కడికి వెళ్తారు" అని అడిగాడు. మహేంద్రగిరి అన్నాను. "అయితే ఇప్పుడు కాదమ్మా, సాయంత్రం రండి" అన్నాడు. బేరం లేని వేళ వచ్చిన మనిషిని పొమ్మంటాడేంటి అనుకున్నా. "పొద్దుటి కాలు వేరు, సాయంత్రం కాలు వేరు. రోజంతా నిలబడితే కాలు పొంగుతాది. కొండ మీద కూడా పొంగుతాది. పొద్దున్న పట్టిన బూటు కొండ మీద కరుస్తాది" అన్నాడు. కొనేవాళ్లను వెనక్కి పంపే దుకాణదారుణ్ని నా జన్మలో చూడలేదు. సగం కోపంతో, సగం నమ్మకంతో వెళ్లిపోయి ఆరింటికి మళ్లీ వచ్చాను.

అప్పుడు మొదలైంది అసలు పని. ఒడియా పేపరు రెండు షీట్లు కింద పరిచి, నేను కొండకు వేసుకునే మేజోళ్లతోనే దాని మీద నిలబడమన్నాడు. కూర్చుని కాదు, నిలబడి, ఎందుకంటే ఒంటి బరువు పడితేనే పాదం పరుచుకుంటుంది. పెన్సిల్ నిటారుగా పట్టుకుని రెండు పాదాల చుట్టూ గీశాడు. గీసి చూపించాడు, నా ఎడమ కాలు కుడి కన్నా అర సెంటీమీటరు పొడవు! ఇన్నేళ్లుగా ఈ కాళ్ల మీదే నిలబడుతున్నా, నాకే తెలియదు. దాదాపు అందరికీ ఒక కాలు కొంచెం పెద్దదే ఉంటుందట, బూటు పెద్ద కాలికి కొనాలట.

ఇక వెడల్పు. "మీది చేట కాలమ్మా" అన్నాడు నవ్వుతూ. నొచ్చుకున్నా గానీ, ఇంటికొచ్చి చదివితే అది నా ఒక్కదాని సంగతి కాదని తెలిసింది. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వాళ్లు 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశమంతా లక్ష మందికి పైగా పాదాలు త్రీడీ స్కానర్లతో కొలిచారు. మనవాళ్ల పాదాలు యూరప్, అమెరికా వాళ్ల పాదాల కంటే వెడల్పు అని తేలింది, అందుకే మనకంటూ 'భా' అని కొత్త సైజుల పద్ధతి తయారు చేశారు. ఇప్పుడు మన దగ్గర అమ్మేవి మాత్రం ఎక్కువగా ఆ బ్రిటిష్, యూరప్ నంబర్లే. వెడల్పు చాలక మనమేం చేస్తామంటే ఒక నంబరు పెద్దది కొంటాం, అప్పుడు వేళ్ల దగ్గర బాగుంటుంది గానీ మడమ లోపల జారుతుంది, జారితే బొబ్బ. బాబాయ్‌కి ఈ సర్వే సంగతులేవీ తెలియవు, పేపరు మీద గీసిన గీతే ఆయన స్కానరు.

నాలుగు జతలు తీశాడు. ఏదీ నా కాలికి వెంటనే తొడగలేదు. ముందు ప్రతి జతలోంచీ లోపలి అట్ట, అదే ఇన్‌సోల్, బయటకు లాగి నేల మీద పెట్టి దాని మీద నిలబడమన్నాడు. పాదం అంచు అట్ట దాటి బయటికి వస్తే ఆ జత పక్కన పడేయడమే. రెండు అలాగే పోయాయి. ఈ ఒక్క కిటుకు ముందు తెలిస్తే నాకు ఒక గోరు మిగిలేది. ముందు వైపు వేళ్ల ఎదుట బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. బ్రిటిష్ కొలతలో ఒక నంబరుకీ ఇంకో నంబరుకీ తేడా దాదాపు 8.5 మిల్లీమీటర్లు, చవక బూట్లలో మధ్యలో అర నంబర్లు దొరకవు కాబట్టి ఆయన 7వ నంబరు ఇచ్చి, కుడి బూటులో పల్చటి అట్ట ఇంకోటి వేశాడు. అట్టకి డబ్బులు తీసుకోలేదు.

తర్వాత పరీక్ష నాకు భలే నచ్చింది. కొట్టు ముందు మురుగు కాలువ మీద బండి ఎక్కించడానికి ఏటవాలుగా సిమెంటు వేసి ఉంది కదా, బజారంతా అలాగే ఉంటుంది, దాని మీద కిందికి మొహం పెట్టి నిలబడి కాళ్లు దబదబా కొట్టమన్నాడు. బజారులో అందరూ చూస్తున్నారు. వేళ్లు ముందుకి తగిలితే దిగేటప్పుడు గోళ్లు పోతాయట. మూడో జత తగిలింది. నాలుగో జత తగల్లేదు, అదే కొన్నాను.

లేసులు కట్టడం కూడా నేర్పాడు, ఇది ఎవరికైనా పనికొస్తుంది. చివర చీలమండ దగ్గర ఒక్కో వైపు రెండు కన్నాలుంటే, లేసును అడ్డంగా తేకుండా అదే వైపు పై కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలాలి, రెండు వైపులా. తర్వాత ఈ వైపు లేసు ఆ వైపు ఉచ్చులోంచి, ఆ వైపుది ఈ వైపు ఉచ్చులోంచి తీసి కిందికి లాగి ముడి వేయాలి. మడమ వెనక్కి అతుక్కుని కూర్చుంటుంది, వేళ్ల దగ్గర మాత్రం వదులుగానే ఉంటుంది. దిగేముందు ఒకసారి ఆగి ఇలా బిగించుకుంటే చాలు.

ధర 1,600 చెప్పాడు, 1,450కి ఇచ్చాడు. ఇంకా తగ్గించమంటే "కొండ మీద బేరం ఆడుకో తల్లీ" అన్నాడు. ఆగ్రాలో తయారైనదని డబ్బా మీద ఉంది, తయారైన నెల, సంవత్సరం కూడా చూపించి మరీ ఇచ్చాడు. ఆ సోల్ కథ చెప్పాను కదా, అందుకే మీరూ ఎక్కడ కొన్నా డబ్బా మీద ఆ తేదీ చూడండి, సగం ధర అన్నప్పుడు తప్పకుండా చూడండి. వెచ్చాల కొట్టు కాటా మీద పెడితే జత 760 గ్రాములు తూగింది, తేలికే. అడుగు రబ్బరే, గాడుల లోతు రెండు అగ్గిపుల్లల మందం.

ఎనిమిది నెలలైంది. మహేంద్రగిరి రెండుసార్లు, గండహాతి జలపాతం ఒకసారి, దసరా సెలవుల్లో కోరాపుట్ వెళ్లి దేవమాలి ఒకసారి. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశా మొత్తంలో ఎత్తైనది, రోడ్డు దాదాపు పైదాకా వెళ్లిపోతుంది కాబట్టి ఎక్కామని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గే, అందుకని మేం కింద ఊళ్లోనే దిగి గడ్డి వాలుల మీదుగా నడిచాం. పైన గాలికి మనిషి నిలబడలేడు గానీ కాళ్లు మాత్రం ఎక్కడా జారలేదు. మహేంద్రగిరిలో భీముడి గుడి దగ్గర, ఆ పెద్ద పెద్ద రాళ్లు పేర్చిన గుడి ఉంది కదా, అక్కడ బండల మీదా ధీమాగా తిరిగాను. ఒక్క బొబ్బ లేదు. గోళ్లన్నీ ఉన్నాయి, లెక్కపెట్టుకున్నా.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. గండహాతి దగ్గర నాచు పట్టిన తడి రాయి మీద జారాను, అయితే నాచు మీద జారని బూటు నేనింకా చూడలేదు. పైన అంతా జాలీ గుడ్డ, నీళ్లు వెంటనే లోపలికొస్తాయి. ఇది కొందరికి లోపం, నాకు కాదు. నీరు చొరని బూట్లు అని రెట్టింపు ధరకు అమ్ముతారే, మన వానలో పైనుంచి చీలమండ మీదుగా ఒక్కసారి నీళ్లు దిగాయంటే ఇక బయటికి పోవు, రోజంతా చిన్న చెరువు మోసుకు తిరగాలి. జాలీవి అయితే త్వరగా ఆరిపోతాయి. ఇక సోల్ జిగురుతో అంటించిందే, కుట్టు లేదు. ఐదో నెలలో ముందు అంచు కొంచెం విచ్చుకుంటే బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో చుట్టూ కుట్టు వేయించాను, 120 రూపాయలు. అసలైతే కొన్న రోజే వేయించాల్సింది. సన్నటి గులకరాళ్ల మీద చాలాసేపు నడిస్తే అరికాలికి తెలుస్తుంది, బరువైన మూట మోసుకుని నాలుగైదు రోజులు నడిచేవాళ్లకు ఇవి చాలవు, వాళ్లు గట్టి సోల్ ఉన్నవి చూసుకోవాల్సిందే.

కొట్టు మీద నాకున్న ఒకే కోపం, ఆడవాళ్లకంటూ కొండ బూట్లు ఒక్క జత కూడా లేవు. మగవాళ్ల చిన్న నంబర్లే సర్దుకోవాలి. మడమ సన్నంగా ఉన్నవాళ్లకు అవి వెనక వదులవుతాయి. అడిగితే "ఆడవాళ్లు వచ్చి అడిగితే కదమ్మా తెప్పిస్తాను" అన్నాడు. సరే అని మా ఆఫీసులో ముగ్గుర్ని పంపాను. అందులో ఒకమ్మాయి పొద్దున వెళ్లి, వెనక్కి పంపించేశాడని నాకు ఫోన్ చేసి తిట్టింది.

ఇదంతా ఇలా మాటాడినట్టే రాసేశాను, గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊరు కాబట్టి ఇక్కడ గ్రాంథికం రాస్తే బాగోదు కూడా.

వెళ్లేవాళ్లకు: ఐదు తర్వాత వెళ్లండి, ఫోన్‌పే తీసుకుంటాడు, ఆదివారం మధ్యాహ్నం మూసేస్తాడు. మేజోళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి, ఆయన దగ్గర అమ్మేవి పల్చటి నైలాన్‌వి, బాగోవు. నూలువి కూడా వద్దు, చెమట పీల్చుకుని అలాగే తడిగా ఉండి బొబ్బలెక్కిస్తాయి. నేను చంద్రగిరి వైపు జిరంగో బౌద్ధ మఠం చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడి టిబెట్ వాళ్ల దగ్గర ఉన్ని మేజోళ్లు రెండు జతలు కొన్నాను. బాబాయ్ వాటిని చేత్తో తడిమి చూసి, ఎంతకు కొన్నావని అడిగి, ధర విని "మోసపోయావు" అన్నాడు. మళ్లీ కొలత గీసింది మాత్రం వాటితోనే.