పదేళ్ళు దాటిన బోరు మోటర్లు: ఏం నిలబడింది, ఏం కాలింది

పొలంలో 5 హెచ్‌పీ త్రీ ఫేజ్, ఇంట్లో 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్. రెండూ బోరులో దించిన సబ్‌మెర్సిబుల్ మోటర్లే. మాది జనగామ వైపు. పైన కొద్దిగా మన్ను, కింద అంతా గట్టి రాయి. వానలు బాగా పడితే బోర్లు ఉరుకుతాయి, లేకుంటే ఆగి ఆగి పోస్తాయి. పదేళ్ళకు పైగా వీటితో వేగుతున్నాను కాబట్టి కొనబోయేవాళ్ళకు కొంత చెప్పగలను. కంపెనీల పేర్లు రాయడం లేదు. మా దగ్గర ఉన్నవి కోయంబత్తూరు సరుకే. ఐఎస్ఐ మార్కు ఉన్న పెద్ద కంపెనీల్లో ఏది కొన్నా నాకు పెద్ద తేడా కనిపించలేదు. తేడా వచ్చింది స్టేజీల (పంపులో ఒకదాని మీద ఒకటి పేర్చిన, నీళ్ళు తోసే చక్రాల వరుసలు) దగ్గర, స్టార్టరు డబ్బాలో, వైరు జాయింటులో.

పొలంలో ఇప్పుడున్నది వీ6 రకం (ఆరించుల బోరుకు సరిపోయేది), లోపల నీళ్ళు నింపే మోటరు. దీనికి ముందున్నది నాయిన వేయించింది. అది కాలడం, వైండింగుకు (లోపలి రాగి తీగ మళ్ళీ చుట్టించడానికి) పోవడం, మళ్ళీ దించడం ఇలా సాగి, చివరికి షాఫ్టు అరిగి పాత ఇనుములో కలిసింది. కొత్తది వచ్చాక బుష్‌లు మార్చాం, ఒకసారి ఇంపెల్లర్లు (నీళ్ళు తోసే చక్రాలు) మార్చాం, వైండింగు మాత్రం ఇప్పటిదాకా ముట్టుకోలేదు. అదే బోరు, అదే లైను, అదే హెచ్‌పీ. మరి ఎందుకు నిలబడిందంటే, మొదటి కారణం పంపు మా బోరుకు సరిపోయేది కావడం.

మా బోరు లోతు 350 అడుగులు, మోటరు 300 దగ్గర వేలాడుతోంది. వానాకాలం చివర నీళ్ళు 80, 90 అడుగుల్లోనే అందుతాయి. ఏప్రిల్‌లో మోటరు నడుస్తుంటే మట్టం 250 దాటి పోతుంది. షాపులో మాత్రం ఒకటే అడుగుతారు: "బోరు ఎంత లోతు?" అడిగి, ఉన్న 5 హెచ్‌పీ ఒకటి చేతిలో పెడతారు. 5 హెచ్‌పీలోనే స్టేజీలు తక్కువున్న పంపు ఎక్కువ నీళ్ళు పోస్తుంది గానీ ఎత్తుకు తోయలేదు. స్టేజీలు పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది, నీళ్ళు తగ్గుతాయి. ఎంత ఎత్తుకు ఎన్ని లీటర్లు వస్తాయో చెప్పే పట్టిక ప్రతి కంపెనీ కాగితంలోనూ ఉంటుంది. అది చూపించమనండి. ఎండాకాలపు మట్టం, పైపు రాపిడి, తొట్టిదాకా ఎక్కాల్సిన ఎత్తు కలిపి నాకు 90 మీటర్లు తేలింది. ఆ వరుసలో మంచి లీటర్లు ఇచ్చే మోడల్ తీసుకున్నాను. నాయిన కాలపు పంపు 60 మీటర్ల దగ్గర బాగా పనిచేసే రకం. ఎండాకాలంలో అది తిరిగేది, వేడెక్కేది, నీళ్ళు పోసేది కాదు.

ఇప్పటి పంపు మార్చి నెలలో నిమిషానికి 130, 140 లీటర్లు ఇస్తుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండటానికి దాదాపు నిమిషన్నర. "రెండించుల నీళ్ళు పోస్తోంది" అని మనవాళ్ళు చెప్పుకునే లెక్క నాకు నచ్చదు, అందులో ఎవరి ఇంచు వాళ్ళదే. ఏటా అదే నెలలో డ్రమ్ము పెట్టి కొలిచి, మోటరు గది గోడ మీద బొగ్గుతో రాస్తాను. మట్టం అంతే ఉండి డ్రమ్ము ఆలస్యంగా నిండితే ఇంపెల్లర్లు అరిగాయి, లేదా పైపు ఎక్కడో కారుతోంది. మోటరు కాలకముందే తెలిసిపోతుంది.

ఇక చాలామంది నమ్మని సంగతి. వానాకాలంలో నీళ్ళు పైకి వచ్చినప్పుడే ఈ రకం పంపు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎత్తు తగ్గింది కాబట్టి నీళ్ళు విపరీతంగా తోస్తుంది, ఆంపియర్లు పెరుగుతాయి. పైన గేటు వాల్వు కొంచెం బిగిస్తే ఆంపియర్ల ముల్లు కిందికి దిగుతుంది. వాల్వు బిగిస్తే మోటరుకు బరువు అనుకునేవాళ్ళు మీటరు చూపిస్తే తప్ప ఒప్పుకోరు. పూర్తిగా మాత్రం మూయకూడదు, లోపలి నీళ్ళు ఉడికిపోతాయి.

స్టార్టరు డబ్బా గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే మా ఊళ్ళో కాలిన మోటర్లలో చాలా వరకు అక్కడే చచ్చాయి. మోటరు పట్టీ మీద ఎన్ని ఆంపియర్లో రాసి ఉంటుంది. 5 హెచ్‌పీకి ఎనిమిది అటూ ఇటూ. రిలేను (కరెంటు ఎక్కువైతే మోటరును ఆపేసే భాగం) ఆ అంకె దగ్గరే పెట్టాలి. యాసంగిలో అందరి మోటర్లూ ఒకేసారి తిరిగితే 415 ఉండాల్సిన ఓల్టేజీ 350కి జారుతుంది, మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది, రిలే ట్రిప్పు కొడుతుంది. అది దాని పని. మెకానిక్ వచ్చి ఏం చేస్తాడు? "అన్నా, రిలే కొద్దిగ పెంచిన, ఇగ ట్రిప్పు గాదు" అంటాడు. నిజమే, ట్రిప్పు కాదు. వైండింగే కాలుతుంది. పాత మోటరు కథ అంతా ఇదే. కొత్తది దించినప్పటి నుంచి ఆ రిలే మర మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వలేదు. ఓల్టేజీ పడితే ఆపేసి, తెల్లవారుజామున వేస్తాను.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో పొలాలకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు (కరెంటు రాగానే మోటరును వాటంతట అవే వేసేవి) తీసేయమని ప్రభుత్వమూ చెప్పింది. తీసినవాళ్ళు తీశారు, తీయనివాళ్ళు తీయలేదు. రాత్రి కరెంటు పోయి వచ్చిందంటే ఆటోలున్న మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోతుంది, ఒక ఫేజు పోయిన సంగతి తెల్లారిగానీ తెలియదు. రెండు ఫేజుల మీద మూలుగుతున్న మోటరు ఎంతోసేపు బతకదు. ఆటో తీసేసి, ఫేజు పోయినా నీళ్ళు అయిపోయినా ఆపేసే ప్యానెల్ పెట్టించాను. డబ్బు పెట్టిన వస్తువుల్లో దీనికి పూర్తి మార్కులు. కెపాసిటర్ కూడా ఉంది, 5 హెచ్‌పీకి 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత) వేస్తారు. దానితో లైను మీద భారం తగ్గుతుంది, మోటరు లోపలి కరెంటు మాత్రం తగ్గదు. మోటరు కాలకుండా కాపాడుతుందని అమ్మేవాళ్ళ మాట పట్టించుకోకండి.

పైపు హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్), 63 మిల్లీమీటర్లది. జీఐ (జింకు పూత ఇనుప) పైపులు మరలు తుప్పు పట్టి, విప్పలేక కోయాల్సి వస్తుంది. చుట్టగా వచ్చే ఈ ప్లాస్టిక్ పైపుకు మధ్యలో అతుకే లేదు. పది మీటర్ల నీళ్ళకు చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో ఒత్తిడి. 300 అడుగుల నిలువు నీళ్ళు అడుగున తొమ్మిది కిలోలు దాటి తోస్తాయి. కాబట్టి చవకగా వస్తుందని 8 కిలోల పైపు అంటగడితే తీసుకోవద్దు, 10కి తగ్గకూడదు. ఈ పైపుకు సాగే గుణం ఉంది. వైరును దానికి బిగుతుగా కడితే, పైపు సాగినప్పుడు వైరు జాయింటు దగ్గర తెగుతుంది. కట్టుకట్టుకూ కొంచెం వదులు ఇవ్వాలి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది వేయాలా 4ది వేయాలా అని షాపుల్లో పెద్ద చర్చ జరుగుతుంది. మా లోతుకు లెక్కకడితే ఓల్టేజీలో తేడా నాలుగు వోల్టులే. అంతకంటే నీళ్ళలో ఉండే ఆ ఒక్క జాయింటు మీద టేపు ఎంత ఓపిగ్గా చుట్టారో చూడండి.

మోటరు పైకి లాగి మార్చే రోజు పని తెలిసిన మనిషి ఉంటే సగం భయం పోతుంది. ఎన్‌ఆర్‌వీ (నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే వాల్వు) గట్టిగా పట్టి ఉంటే పైపులో నీళ్ళే 180 కిలోల దాకా ఉంటాయి. దానికి తోడు మోటరు, పంపు. నైలాను తాడు కొత్తదై ఉండాలి. పక్క చేనులో నానిన పాత తాడు తెగి మోటరు అడుక్కు పోయింది, బోరే పనికిరాకుండా అయింది. కొత్త మోటరు దించేముందు మంచినీళ్ళు నింపి, అటూ ఇటూ కదిపి, బుడగలు ఆగేదాకా మళ్ళీ నింపాలి. తొందరపడేవాళ్ళు ఇక్కడే తొందరపడతారు. దించాక నీళ్ళు తక్కువ వస్తే పంపును తిట్టకుండా రెండు ఫేజులు మార్చి చూడాలి, ఉల్టా తిరుగుతుండవచ్చు. మోటరు వైండింగు షాపులో ఉన్నన్ని రోజులు బోరు నోరు తెరిచి వదలకండి. వదిలేసిన బోర్లను మూసెయ్యాలని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది, మనవాళ్ళు ఇప్పటికీ గోనెసంచి కప్పి వదులుతున్నారు. ఇనుప మూత ఖర్చు ఎంతని?

ఇంటి మోటరు సంగతికి వస్తే, అది నాలుగించుల సన్నటిది, ఆయిల్ నింపిన రకం. పైన ట్యాంకు నింపడం తప్ప పెద్ద పనేం లేదు. ఒకరోజు గుయ్‌మని మూలిగి ట్రిప్పు కొట్టింది. వచ్చిన మెకానిక్ పైకి లాగాల్సిందే అన్నాడు. ముందు ప్యానెల్లో కెపాసిటర్ మార్చి చూడమన్నాను, దానితో లేచింది. పాతదాని మీద ఎన్ని ఎంఎఫ్‌డీ (మైక్రోఫారడ్లు, కెపాసిటర్ కొలత) ఉందో అంతే వేయాలి. ఈ మోటరు మీద నా ఫిర్యాదు ఒకటే: సీలు పోతే ఆయిల్ నీళ్ళలో కలుస్తుంది. తాగే నీళ్ళ బోరుకు మళ్ళీ కొనాల్సి వస్తే నీళ్ళు నింపే రకమే తీసుకుంటాను, కొంచెం ధర ఎక్కువైనా.

పొలం మోటరుకు లోపాలు లేవని కాదు. వానాకాలం మొదట్లో బురద నీళ్ళు లాగితే ప్లాస్టిక్ ఇంపెల్లర్లు త్వరగా అరుగుతాయి. విడిభాగాలు జనగామలో దొరక్కపోతే హైదరాబాదు నుంచి తెప్పించుకోవాలి. గ్యారంటీ ఉందని నమ్ముకున్నవాళ్ళకు "ఓల్టేజీ వల్ల కాలింది" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది, అందుకని గ్యారంటీ నెలలు చూసి మోడల్ ఎంచుకోవద్దు. వైండింగు ఆరేడు వేలకు అవుతుంది, అది కూడా రాగి తీగ మంచిది వేస్తేనే. రెండుసార్లు వైండింగు అయిన మోటరు మీద మూడోసారి డబ్బు పెట్టను.

ఈసారి ఇది ఆగిపోతే అదే మోడల్, అవే స్టేజీలు, ఇంపెల్లర్లు మాత్రం స్టీలువి. చిన్నకమతం ఉన్న మా బావ 3 హెచ్‌పీ చాలదా అని అడిగాడు. అతని బోరు నిమిషానికి 70 లీటర్లు కూడా ఊరదు, 5 దించితే గంటలో ఎండి ఆగి ఆగి పోస్తుంది. 3 తీసుకోమన్నాను.