అలివాల్ షోల్‌లో మూడు డైవ్‌లు: సొరచేపల కన్నా బోటుకే ఎక్కువ భయపడ్డాను

దక్షిణాఫ్రికాలో డర్బన్‌ నుంచి దక్షిణంగా తీరం వెంట వెళ్తే ఉమ్‌కోమాస్ అనే చిన్న ఊరు వస్తుంది. అలివాల్ షోల్ అక్కడికి దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలో ఉంది. స్కూబా డైవింగ్‌కి వెళ్లాను, పగడపు దిబ్బ అనుకుని, కాదట. ఒకప్పటి ఇసుక దిబ్బ గట్టిపడి రాయై, నీళ్లలో మునిగిపోయింది. పగడాలు దాని మీద పెరిగాయి, అంతే. 1849లో అలివాల్ అనే ఓడ దీన్ని గుద్దుకోబోయి తప్పించుకుంది, పేరు అలా వచ్చింది.

అక్కడ జెట్టీ లేదు. రబ్బరు బోటును నది మొగ దగ్గరి నుంచి నేరుగా అలల మీదికి తోలతారు. లైఫ్ జాకెట్ వేసుకుని బోటు అంచు మీద కూర్చుని, పాదాలు పట్టీల్లో దూర్చి, తాడు గట్టిగా పట్టుకోవాలి. స్కిప్పర్, అంటే బోటు నడిపేవాడు, అలల వెనక అటూ ఇటూ తిప్పుతూ సందు కోసం చూసి, దొరకగానే ఒక్కసారిగా ఇంజన్ పెంచుతాడు, ఆ రెండు మూడు నిమిషాల్లో నేను దండం పెట్టని దేవుడు లేడు. కానీ మనిషి పనిమంతుడు, రెండు రోజుల్లో ఒక్కసారి కూడా తొందరపడలేదు. తిరిగొచ్చేటప్పుడు బోటును అదే ఊపులో ఇసుక మీదికి ఎక్కించేస్తారు, గట్టిగా పట్టుకోమని చెప్పింది ఊరికే కాదు.

మొదటి డైవ్ కెథీడ్రల్ అనే చోట. పైకప్పు ఊడిపోయిన పెద్ద రాతి గది లాంటిది, అడుగు 27 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. రాగ్డ్ టూత్ సొరలు, అక్కడివాళ్లు ముద్దుగా రాగీ అంటారు, చలికాలం నుంచి నవంబర్ దాకా జత కట్టడానికి ఇక్కడికి చేరతాయి. పళ్లన్నీ బయటికి పెట్టుకుని, ఎవరినో కొట్టడానికి వెళ్తున్నట్టు కనిపిస్తాయి గానీ, నిజానికి నిద్రమత్తులో తిరుగుతున్నట్టు ఉంటాయి. మనం దారికి అడ్డం రాకుండా ఇసుక మీద కదలకుండా ఉంటే అవే దగ్గరికొస్తాయి. ఇవి నీటి పైకి వచ్చి గాలి మింగి, ఆ గాలితోనే మధ్యలో తేలతాయట. ఇంకో సంగతి విని ఒళ్లు జలదరించింది: తల్లి కడుపులోనే పెద్ద పిల్ల మిగతా తోబుట్టువుల్ని తినేస్తుంది, రెండు గర్భాశయాలు కాబట్టి చివరికి పుట్టేవి రెండే. ఇసుకలో రాలిన పళ్లు కనిపించాయి, ముట్టుకోవద్దని గైడ్ ముందే చెప్పాడు. అది రక్షిత సముద్ర ప్రాంతం.

రెండోది ప్రొడ్యూస్ ఓడ. నార్వే వాళ్ల సరుకు ఓడ, మొలాసిస్ (చెరకు మడ్డి) తీసుకెళ్తూ 1974లో ఈ రాళ్లకి తగిలి మునిగింది. ఇప్పుడు 30 మీటర్ల లోతులో ముక్కలుగా పడి ఉంది. ఇనుప పలకల కింద పెద్ద గ్రూపర్ చేపలు అద్దె కట్టుకున్న వాళ్లలా తిష్ఠ వేశాయి. ఆ లోతులో మామూలు గాలితో దాదాపు 20 నిమిషాలే, తనివితీరా చూడక మునుపే పైకి రావాల్సొచ్చింది. ఆక్సిజన్ ఎక్కువ కలిపిన గాలితో, అంటే నైట్రాక్స్‌తో, దిగే కోర్సు చేసి ఉంటే బాగుండేది. దగ్గర్లోనే 1884లో రైల్వే సామానుతో మునిగిన నీబో ఉంది, అది ఈసారి కుదరలేదు.

మూడోది ఎర డైవ్. చేపముక్కలున్న డ్రమ్మును నీళ్లలో వేలాడదీస్తారు, పంజరం ఏమీ ఉండదు, బ్లాక్‌టిప్ సొరలు చుట్టూ గిర్రున తిరుగుతాయి. చేతులు కట్టుకుని ఉండమన్నారు, ఆడిస్తే ఎర అనుకుంటాయని. ఫొటోలకి అదిరిపోయింది గానీ, నాకు కెథీడ్రలే నచ్చింది. ఇక్కడ అవి తిండికి వచ్చాయి, అక్కడ మనం వాటింటికి వెళ్లాం.

నేను వెళ్లిన డైవింగ్ సెంటర్ పేరు చెప్పను. స్కిప్పర్‌కీ గైడ్‌కీ పదికి పది, అద్దె సామానుకి నాలుగు. వెట్‌సూట్ మోకాలి దగ్గర చిరిగి ఉంది, మొదటి రోజు రెగ్యులేటర్ (నోట్లో పెట్టుకుని గాలి పీల్చే పరికరం) బుసబుసమని గాలి వదిలింది. మార్చమంటే ఏమీ అనకుండా మార్చారు, కానీ నేను అడిగితేనే. బోటెక్కక ముందే ఊది చూసుకోండి, అలలు దాటాక గుర్తొస్తే లాభం లేదు. ఇంకోటి, ఓపెన్ వాటర్ అనే మొదటి స్థాయి డైవింగ్ సర్టిఫికెట్ మాత్రమే ఉన్నవాళ్లకి 18 మీటర్లే పరిమితి కాబట్టి కెథీడ్రల్, ప్రొడ్యూస్ రెండూ పోతాయి, దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ కోర్సు చేసుకునే వెళ్లండి. వికారం మాత్ర మాత్రం బోటెక్కడానికి గంట ముందే వేసుకోండి, నేను ఎక్కాక వేసుకున్నాను, అది కూడా చేపలకే పోయింది.