కాలేయం ముక్క పరీక్షపై రెండో అభిప్రాయం: ఒక పాథాలజీ ల్యాబు సేవ గురించి

కడుపునొప్పి అని తీయించిన స్కానింగులో మా అక్కకు కాలేయం కుడివైపున 4.5 సెంటీమీటర్ల గడ్డ ఉన్నట్టు తెలిసింది. సీటీలో ఆ గడ్డకు రక్తప్రసరణ ఎక్కువగా కనిపించడంతో కాలేయ క్యాన్సర్ కావచ్చన్నారు. అయితే ఆమెకు హెపటైటిస్ బి గాని, సి గాని, సిరోసిస్ గాని లేవు. రక్తంలో, కాలేయ క్యాన్సర్ ఉంటే తరచూ పెరిగే ప్రోటీన్ అయిన ఏఎఫ్‌పీ కూడా మామూలుగానే ఉంది. సూదితో ముక్క తీసి చేసిన మొదటి పరీక్ష నివేదికలో ‘హెపటోసెల్యులార్ కార్సినోమా అనుమానం’ (అంటే కాలేయ కణాల క్యాన్సర్ అనుమానం) అన్న ఒక్క వాక్యమే ఉంది. ఆపరేషన్ తేదీ ఖరారు చేసుకునే ముందు మరొకరికి చూపించమని సర్జన్ గారే చెప్పడంతో, హైదరాబాద్‌లో ఇలాంటి రెండో అభిప్రాయం ఇచ్చే ఒక ప్రైవేటు పాథాలజీ ల్యాబుకు వెళ్లాము. లోపాలు కూడా రాస్తున్నాను కనుక దాని పేరు చెప్పడం లేదు.

స్లైడ్లు మాత్రమే తీసుకువెళ్లినందుకు మొదటిరోజు మమ్మల్ని తిప్పి పంపారు. ముక్కను మైనంలో పోసి భద్రపరిచిన పారఫిన్ బ్లాకు, సీటీ నివేదిక కూడా కావాలన్నారు. అప్పుడు చిరాకు పడ్డాను గాని, కారణం విన్నాక వాళ్లదే సబబనిపించింది. సూదితో తీసిన ముక్క దారంలా సన్నగా ఉంటుంది. బ్లాకును కోతయంత్రంపై పెట్టిన ప్రతిసారీ అంచు సరిచేయడానికే కొంత కణజాలం వృథా అవుతుంది. అందుకే వాళ్లు కావలసిన పొరలన్నీ ఒకేసారి కోసి, రంగు వేయని స్లైడ్లుగా పక్కన పెట్టుకుంటామన్నారు.

ఆరోరోజున వచ్చిన నివేదికే ఈ సేవకు నేను ఎక్కువ మార్కులు వేయడానికి కారణం. అది కాలేయ క్యాన్సర్ కాదని, ఆంజియోమయోలైపోమా అనే అరుదైన కణితి అని తేల్చారు. రక్తనాళాలు, నునుపు కండర కణాలు, కొవ్వు కలిసి ఉండే ఈ కణితి మూత్రపిండాల్లో కనిపించినంతగా కాలేయంలో కనిపించదు. కాలేయంలో దీన్ని మొదట 1976లో వర్ణించారు. కొవ్వు తక్కువగా ఉండి, పెద్ద కణాలు వరుసలుగా పేరుకున్నప్పుడు మైక్రోస్కోపు కిందనే క్యాన్సర్‌లా భ్రమ కలిగిస్తుందట. కాలేయ కణాలను గుర్తించే హెప్‌పార్-1, ఆర్జినేస్-1 మార్కర్లు (ముక్క పొరలపై రంగు వేసి చేసే ప్రత్యేక పరీక్షలు) రెండూ నెగెటివ్‌గా రాగా, మెలనోమా అనే చర్మపు క్యాన్సర్‌ను గుర్తించడానికి వాడే హెచ్‌ఎంబీ-45, మెలాన్-ఎ పాజిటివ్‌గా వచ్చాయి. చర్మపు క్యాన్సర్ పరీక్ష కాలేయం గడ్డకు పేరు పెట్టడం నాకు వింతగానే తోచింది. ఏ మార్కర్ ఎందుకు వేశారో, దాని ఫలితం దేన్ని కొట్టివేసిందో వరుసగా రాసినందువల్ల మా సర్జన్ గారు దాన్ని ఒకటికి రెండుసార్లు చదివి, ఆపరేషన్ వాయిదా వేసి ఆరు నెలలకు ఎమ్మారై తీయిద్దామన్నారు. ఈ రకం కణితులు చాలావరకు ప్రమాదకరం కాకపోయినా, అరుదుగా కొన్ని క్యాన్సర్‌లా ప్రవర్తిస్తాయి కనుక గమనిస్తూ ఉండాలని నివేదికలోనూ రాశారు.

బిల్లు విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. మొదట స్లైడ్ల పరిశీలనకు అయ్యే రుసుము ఒక్కటే చెప్పారు. ఒక్కొక్క మార్కర్‌కు విడిగా కట్టాలన్నది నివేదిక సిద్ధమయ్యాకే తెలిసింది. మార్కర్లు అవసరమే, కాదనను. కాని ఎన్ని వేయవలసి రావచ్చో ముందుగా ఒక అంచనా ఇచ్చి ఉంటే మేము డబ్బుకు తడుముకోవలసి వచ్చేది కాదు. పాథాలజిస్టుతో మాట్లాడాలని అడిగితే, సర్జన్ ఫోన్ చేస్తేనే మాట్లాడతారన్నారు. నివేదిక మొత్తం ఇంగ్లీషులో ఉండటంతో మా అక్కకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టింది.

బ్లాకు తిరిగి చేతికి రావడానికి మరో పన్నెండు రోజులు తిరగవలసి వచ్చింది. ఇచ్చేటప్పుడు కౌంటర్‌లోని అమ్మాయి, మైనం కరిగిపోతుంది గనుక ఎండలో నిలిపిన కారులో పెట్టవద్దని రెండుసార్లు హెచ్చరించింది. ఇప్పుడది మా బీరువాలో, అక్క పేరు రాసిన కవరులో భద్రంగా ఉంది.