ఒంటరిగానా, గుంపుతోనా? ఆలివ్ రిడ్లే తాబేలు లెక్క

జనవరి వచ్చిందంటే విశాఖ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట ఒక్కొక్కటిగా వచ్చి గుడ్లు పెడతాయి. ఇదే జాతి ఒడిశాలోని రుషికుల్య, గహిర్‌మాత తీరాల్లో మాత్రం వేలకు వేలుగా ఒకేసారి ఒడ్డెక్కుతుంది. రెండు పద్ధతులు ఎందుకు?

సమయం: ఒంటరి తల్లి దాదాపు 14 రోజులకే మళ్లీ గుడ్లు పెట్టగలదు. గుంపు తల్లి సుమారు 28 రోజులు ఆగుతుంది.

శ్రమ: రెండింటికీ ఒకటే. గొయ్యి తవ్వాలి, వందకు అటూఇటూగా గుడ్లు పెట్టాలి, ఇసుక కప్పాలి.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. ఆర్కే బీచ్‌లో ఒంటరి గూడు ఒక్క కుక్క కంటపడితే మొత్తం పోయినట్టే. గుంపులో కుక్కలు, నక్కలు ఎంత తిన్నా ఇంకా బోలెడు మిగులుతాయి. అయితే అక్కడ వెనకొచ్చిన తల్లి ముందొచ్చినదాని గుడ్లను తవ్విపారేస్తుంది. పెళ్లి భోజనాల్లో మొదటి బంతి లేవకముందే కుర్చీ వెనక నిలబడే మనలాగే! పగిలిన గుడ్లు కుళ్లి పక్కవాటినీ పాడుచేస్తాయి.

తల్లులు వేలల్లో ఉండి, తినే జంతువులూ ఎక్కువైతే గుంపు మేలు. తాబేళ్లు పలచగా వచ్చే మనలాంటి తీరంలో ఒంటరి గూడే నయం. పైగా ఇక్కడ అటవీశాఖ గుడ్లను ఏరి హేచరీలకు చేరుస్తుంది కాబట్టి కుక్కల టెన్షన్ కొంత తక్కువ.