మాన్యువల్ లగ్జరీ సెడాన్ కొనబోయేవారికి హెచ్చరిక: క్లచ్ పోతే నింద మీ కాలి మీదే వేస్తారు

మాన్యువల్ గేర్‌బాక్స్ ఉన్న స్పోర్ట్స్ సెడాన్ కోసం వెతుకుతున్న ప్రతి ఒక్కరూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. అమ్మిన వ్యక్తి పేరు నేను రాయడం లేదు. ఈ రకం కార్ల ప్రకటనలను రోజూ చూసేవారికి అతనెవరో చెప్పనక్కరలేదు. మెరిసే ఫొటోలు, ప్రాణంగా చూసుకున్న కారు అనే వర్ణన, ఇంకో ఇద్దరు అడుగుతున్నారనే తొందర, ఈ మూడూ ఒకచోట కనిపిస్తే అతనే అనుకోండి. అతని దగ్గర నేను కొన్న కారు ఇప్పుడు వర్క్‌షాపులో లిఫ్టు మీద ఉంది, దాని గేర్‌బాక్స్ నేల మీద ఉంది. పోయిన డబ్బు సంగతి అలా ఉంచితే, ఫోనులో అతను అన్న మాట మాత్రం ఇంకా నా చెవుల్లో మండుతూనే ఉంది.

కారు గురించి ఎక్కువ చెప్పను. నాలుగు తలుపులు, ఆరు సిలిండర్ల టర్బో ఇంజిన్, వెనక చక్రాలకు పవర్, ఆరు గేర్ల మాన్యువల్. ఇలాంటివి ఎందుకు దొరకవో మీకు తెలుసు. బీఎండబ్ల్యూ స్పోర్ట్స్ సెడాన్ ఎం5లో ఈ39 అనే తరం 1998 నుంచి 2003 వరకు ఆరు గేర్ల మాన్యువల్‌తో మాత్రమే వచ్చింది. దాని తర్వాతి ఈ60 ఎం5లో మాన్యువల్ ఉత్తర అమెరికా కొనుగోలుదారులకే పరిమితమైంది. ఎఫ్90 తరం వచ్చేసరికి అదీ లేకుండా పోయింది. ఆడి ఎస్4లో బీ8 తరం వరకు మాన్యువల్ దొరికింది, బీ9లో తీసేశారు. బీఎండబ్ల్యూదే జీ80 తరం ఎం3లో మాన్యువల్ కావాలంటే 480 హార్స్ పవర్, 550 న్యూటన్ మీటర్ల టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) ఉన్న మామూలు మోడల్‌తో సరిపెట్టుకోవాలి. 650 న్యూటన్ మీటర్ల కాంపిటీషన్ మోడల్ ఆటోమేటిక్‌తోనే వస్తుంది. 668 హార్స్ పవర్‌కు మాన్యువల్ జతచేసిన క్యాడిలాక్ సీటీ5-వీ బ్లాక్‌వింగ్ లాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దొరికినప్పుడే పట్టుకోవాలనే మన ఆరాటమే ఇలాంటి అమ్మకందారుల పెట్టుబడి.

కారు ఇంటికి వచ్చాక కొన్నాళ్ల పాటు నాకు ఏ లోటూ కనిపించలేదు. గేరు మార్చేటప్పుడు చేతికి తెలిసే ఆ బిగువు, మలుపు ముందు మూడో గేరులోకి దించుతూ యాక్సిలరేటర్‌ను కొంచెం తట్టి ఇంజిన్ వేగాన్ని కలిపినప్పుడు కారు కుదుపు లేకుండా సర్దుకునే తీరు, వీటి కోసమే కదా మనం ఆటోమేటిక్‌లను కాదని ఇన్నేళ్లు ఎదురుచూసేది. తర్వాత ఒక రోజు ఖాళీ రహదారి మీద ఆరో గేరులో వెళ్తూ, ముందున్న లారీని దాటడానికి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కాను. ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారిగా పైకి ఎగిరింది, కారు వేగం మాత్రం ఉన్నచోటే ఉంది. కాలు తీసేస్తే ముల్లు మళ్లీ కిందికి దిగింది. ఆ వెంటనే కాలిన క్లచ్ వాసన లోపలికి వచ్చింది. క్లచ్ జారుతోందని, అంటే ఇంజిన్ బలం చక్రాలకు పూర్తిగా అందడం లేదని తెలియడానికి ఇంతకన్నా స్పష్టమైన లక్షణం ఉండదు.

అతనికి ఫోను చేశాను. గొడవ పెట్టుకోవాలని కాదు, ఆ క్లచ్ ఎప్పుడు మార్చారో, ఏ కంపెనీ కిట్ వేశారో కనుక్కుందామని చేశాను. నేను చెప్పింది మొత్తం విని, ఏమాత్రం తడబాటు లేకుండా అతను అన్న మాటలు ఇవి: "సార్, మీకు మాన్యువల్ అలవాటు లేదనుకుంటాను. ఇంత పవరున్న కారును హాఫ్ క్లచ్‌లో నడిపితే ఏ క్లచ్ నిలుస్తుంది? మీలాంటివారు ఆటోమేటిక్ తీసుకుంటే సరిపోయేది. నా చేతిలో ఉన్నంతవరకు అది బ్రహ్మాండంగా పనిచేసింది."

నేను డ్రైవింగ్ నేర్చుకున్నదే మాన్యువల్ మీద. ఇంతవరకు నా దగ్గరున్న ప్రతి కారూ మాన్యువలే. ఏ కారులోనూ నా కాలి వల్ల క్లచ్ కాలిపోలేదు. సిగ్నల్ దగ్గర గేరు న్యూట్రల్‌లో పెట్టి కాలు పూర్తిగా తీసేయడం, ఎత్తు మీద కారును క్లచ్‌తో కాకుండా బ్రేకుతో ఆపడం నాకు ఆలోచించి చేసే పనులు కావు. ఆ మాట విన్న క్షణంలో నాకు నోట మాట రాలేదు. కోపం తర్వాత వచ్చింది, ముందు వచ్చింది అవమానం. ఒక మాన్యువల్ ప్రియుడితో నీకు క్లచ్ తొక్కడం రాదు అనడం ఎంత దెబ్బో అతనికి బాగా తెలుసు. తెలిసే అన్నాడు, ఎందుకంటే ఆ నిందకు తిరుగు సమాధానం ఉండదు. ఇంజిన్‌లో బేరింగ్ పోతే పాత కారణం వెతుకుతారు, టర్బో పోతే ఆయిల్ చరిత్ర అడుగుతారు. క్లచ్ మాత్రం అరిగిపోయే వస్తువు, అది నడిపేవారి అలవాటును బట్టి ఎక్కువకాలమో తక్కువకాలమో ఉంటుంది. కాబట్టి చివరిగా తొక్కిన కాలు ఎవరిదైతే తప్పూ వారిదే అని చేతులు దులుపుకోవడం చాలా తేలిక.

ఆ నిందను కారే తోసిపుచ్చింది. గేర్‌బాక్స్ దింపాక మెకానిక్ నన్ను పిలిచి ఒక్కొక్కటీ చూపించాడు. క్లచ్ ప్లేటు రివెట్ల దాకా అరిగిపోయి ఉంది. క్లచ్ ప్లేటును నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు మీద, ఇంజిన్‌తో పాటు తిరిగే బరువైన చక్రమైన ఫ్లైవీల్ మీద నీలిరంగు మచ్చలు, వాటి మధ్య సన్నని పగుళ్లు ఉన్నాయి. ఇవి ఒకసారి వేడెక్కితే వచ్చేవి కావని, మళ్లీ మళ్లీ వేడెక్కి చల్లారితే వచ్చేవని అతను చెప్పాడు. అన్నిటికన్నా పెద్ద ఖర్చు డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ది. ఇంజిన్ వైపు ఒక చక్రం, గేర్‌బాక్స్ వైపు ఇంకొకటి, మధ్యలో వంపు స్ప్రింగులు ఉంటాయి. ఇంజిన్ తిరుగుడులోని ఒడిదుడుకులను ఆ స్ప్రింగులే మింగేస్తాయి. లగ్జరీ సెడాన్ తక్కువ ఆర్‌పీఎంలో కూడా వణుకు లేకుండా సాగడానికి సగం కారణం అదే. నా కారులో ఆ స్ప్రింగులు నీరసించి, రెండు చక్రాలూ చేత్తో తిప్పితేనే ఉండవలసిన దానికన్నా చాలా ఎక్కువగా అటూ ఇటూ ఆడుతున్నాయి. ఈ స్థితికి చేరిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను మార్చడం తప్ప దారి లేదు.

అప్పుడు నాకు టెస్ట్ డ్రైవ్ రోజు జరిగినవన్నీ వరుసగా అర్థమయ్యాయి. నేను వెళ్లేసరికి ఇంజిన్ అప్పటికే నడుస్తోంది. వేడిగా ఉంటేనే మంచిది సార్ అన్నాడు. సంతకాలయ్యేదాకా దాన్ని ఆపనివ్వలేదు. అరిగిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ లొడలొడమని ఎక్కువగా మోగేది ఇంజిన్ ఆపిన క్షణంలో, స్టార్ట్ చేసిన క్షణంలో. ఆ రెండు క్షణాలూ నాకు దక్కకుండా చూసుకున్నాడు. పాటలు పెట్టే ఉంచాడు. దారి అతనే చెప్పాడు, అంతా రద్దీ వీధులే, మూడో గేరు దాటే అవకాశమే రాలేదు. టైర్లు కొత్తవి, ఇంకా పట్టు రాలేదు, గట్టిగా తొక్కవద్దని పదే పదే జాగ్రత్తలు చెప్పాడు. కింది గేర్లలో కారు తేలిగ్గా ముందుకు దూకుతుంది, ఇంజిన్ బలమంతా క్లచ్ మీద ఎక్కువసేపు నిలవదు. అందువల్ల అరిగిన క్లచ్ కూడా అక్కడ గట్టిదానిలాగే కనిపిస్తుంది. పై గేరులో తక్కువ ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కినప్పుడే దాని అసలు స్థితి బయటపడుతుంది. ముఖ్యంగా టర్బో ఇంజిన్లలో ఇది ఇంకా నిజం. బీఎండబ్ల్యూ ఈ90 335ఐలో మొదట వచ్చిన ఇంజిన్ 1,300 ఆర్‌పీఎం నుంచే 400 న్యూటన్ మీటర్ల పూర్తి టార్క్ ఇస్తుంది, అంటే అరిగిన క్లచ్ మీద మొత్తం భారం ఇంజిన్ పెద్దగా అరవకముందే పడుతుంది.

పెడల్‌ను బట్టి ఎందుకు పోల్చుకోలేదని నన్ను అడిగిన మిత్రులున్నారు. పాత కార్లలో క్లచ్ అరిగేకొద్దీ పెడల్ బరువెక్కేది, క్లచ్ పట్టుకునే చోటు పైకి జరిగేది, కాలికే తెలిసిపోయేది. ఇలాంటి చాలా సెడాన్లలో ఇప్పుడు తనంతట తానే సర్దుకునే ప్రెషర్ ప్లేటు వాడుతున్నారు. ప్లేటు అరిగినంత మేరా అది లోపల సర్దుకుంటూ పెడల్ బరువును మొదటి రోజులాగే ఉంచుతుంది. నడిపేవారికి అది సుఖమే కానీ, కొనేవారికి ఉన్న పాత ఆనవాలు ఒకటి దానితో పోయింది. మెత్తగా ఉన్న పెడల్‌ను చూపించి క్లచ్ కొత్తదే సార్ అనేవారి మాటకు ఏ విలువా లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. సర్వీసు పుస్తకంలో చివరి ముద్ర ఏ వర్క్‌షాపుదో చూసి వారికి ఫోను చేశాను. చాసిస్ నంబరు చెప్పగానే వారు తమ రికార్డు తీసి చదివారు. నాకు అమ్మడానికి ముందే ఈ కారు అదే ఫిర్యాదుతో వారి దగ్గరికి వెళ్లింది. క్లచ్ జారుతోంది, ఫ్లైవీల్ శబ్దం చేస్తోంది, రెండూ మార్చాలి అని అంచనా రాసి ఇచ్చారు. కింద రాసిన మాట: కస్టమర్ పని వద్దన్నారు. నాకిచ్చిన ఫైల్‌లో చక్రాల అలైన్‌మెంట్ రసీదు దాకా అన్నీ ఉన్నాయి, ఆ ఒక్క కాగితం లేదు.

అంటే నాకు మాన్యువల్ నడపడం రాదని అంత ధీమాగా చెప్పిన రోజున, ఆ క్లచ్ పోయిందని అతనికి కాగితం మీద తెలుసు. వస్తువులో లోపం దాచి అమ్మేవారు ఎప్పుడూ ఉన్నారు, వారిని అర్థం చేసుకోగలను. తను దాచిన లోపాన్నే తీసుకొచ్చి కొన్నవాడి చేతకానితనంగా చూపించి, వాడు తన మీద తనే అనుమానపడేలా చేయడం వేరు. ఆ ఫోను తర్వాత కొన్ని రోజులు నేను నిజంగానే నా కాలిని గమనించుకుంటూ నడిపాను. ఎంతో ఇష్టపడి కొనుక్కున్న కారులో ప్రతి గేరు మార్పూ నాకు పరీక్షలా అనిపించింది. దీన్ని నేను క్షమించలేను.

అంచనా కాగితం సంగతి చెప్పడానికి మళ్లీ ఫోను చేస్తే కాసేపు మౌనంగా ఉండి, సెకండ్ హ్యాండ్ బండి అంటే ఇలాగే ఉంటుంది సార్ అని పెట్టేశాడు. ఆ తర్వాత ఎత్తడం లేదు.

మీరు ఎవరి దగ్గర కొన్నా సరే, ఇవి చేయకుండా డబ్బు ఇవ్వకండి. చల్లగా ఉన్న ఇంజిన్‌ను మీరే స్టార్ట్ చేయండి, పాటలు ఆపించండి, తర్వాత మీరే ఆపి శబ్దం వినండి. ఖాళీ రహదారి మీద పై గేరులో 1,800 ఆర్‌పీఎం దగ్గర నుంచి పూర్తిగా తొక్కండి; ముల్లు, వేగం కలిసి పెరగాలి. దానికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నుంచి వచ్చేయండి. రెండో గేరులోకి చల్లగా ఉన్నప్పుడూ, కొంచెం ఎక్కువ ఆర్‌పీఎంలోనూ మార్చి చూస్తే గేర్లు గరగరలాడకుండా కలిసేలా చేసే సింక్రోల స్థితి తెలుస్తుంది. రీమ్యాప్ (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి బలం పెంచడం) చేయించారా అని అడగండి, ఎందుకంటే పెంచిన టార్క్‌ను కంపెనీ క్లచ్ ఎక్కువకాలం మోయలేదు. స్కానర్ పెట్టించినప్పుడు ఫాల్ట్ కోడ్‌లు లేవని సంతోషపడకుండా, ఓబీడీ (కారులోని లోపాలను తనే కనిపెట్టే వ్యవస్థ) స్వీయ పరీక్షలు పూర్తయ్యాయో లేదో కూడా చూడమనండి. అవి అసంపూర్తిగా ఉంటే కోడ్‌లను ఈ మధ్యనే చెరిపేసి ఉండవచ్చు. సర్వీసు పుస్తకంలో ముద్ర వేసిన వర్క్‌షాపుకు చాసిస్ నంబరుతో మీరే ఫోను చేయండి, చేసిన పనులతో పాటు చేయవద్దన్న పనులను కూడా అడగండి. క్లచ్, ఫ్లైవీల్ స్థితి గురించి అమ్మే వ్యక్తి చెప్పిన మాటను అమ్మకపు కాగితంలో అతని సంతకం పైన రాయించుకోండి.

తీసేసిన ప్లేటునూ ఫ్లైవీల్‌నూ పారేయవద్దని మెకానిక్‌కు చెప్పాను. ఫొటోలు తీశాను, పాత వర్క్‌షాపు నుంచి ఆ అంచనా నకలు అడిగాను. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు సిద్ధం చేస్తున్నాను. అతని దగ్గర ఇదే విధంగా మాన్యువల్ కారు కొని, ఇదే మాట పడినవారు ఇంకెవరైనా ఉంటే మీ కాగితాలు భద్రంగా ఉంచుకోండి, ఇక్కడే నాకు తెలియజేయండి.