హైదరాబాద్–కడప విమానం: దింపకుండా వెనక్కి తెచ్చినా నాలుగు స్టార్లు ఇస్తున్నా

పోయిన వానాకాలం ఎక్కాను. డెబ్భై సీట్ల ఏటీఆర్, రెక్కకొక ఫ్యాన్ తిరిగే చిన్న విమానం. శబ్దం ఎక్కువ, కాళ్లు చాపుకోవడానికి కుదరదు, కానీ బస్సులో రాత్రంతా పట్టే దారి గంట చిల్లరలో అయిపోతుంది.

ఆరోజు నల్లమల మీదికి వచ్చేసరికి కింద ఒకటే మబ్బు. కడప దగ్గర దిగినట్టే దిగి మళ్లీ పైకి లేచింది, కాసేపు చుట్టూ తిరిగింది, చివరికి హైదరాబాద్‌కే వెళ్లిపోతున్నామని కెప్టెన్ చెప్పాడు. ఇక లోపల ఒకటే గొడవ. "ఊరి మీదికొచ్చి దింపకుండా ఎట్ల పోతారప్పా, ఇంకోసారి చూడమనండి" అని నా వెనక సీటాయన ఎయిర్‌హోస్టెస్ మీద అరిచాడు.

నాకు మాత్రం ఆ కెప్టెన్‌కు దండం పెట్టాలనిపించింది. పాతకాలం విమాన ప్రమాదాల గురించి చదవడం నాకు చాన్నాళ్ల అలవాటు. కొండలకు గుద్దుకున్న వాటిలో చాలాసార్లు ఇంజన్‌కు ఏమీ కాదు, పైలట్ కొత్తవాడూ కాదు, మబ్బులో తామెక్కడున్నారో తెలియక పోయినవాళ్లే. 1929లో అమెరికాలో ఫోర్డ్ విమానం ఒకటి తుఫాను మబ్బుల్లో న్యూమెక్సికోలోని మౌంట్ టేలర్‌ను గుద్దుకుంది, ఉన్న ఎనిమిది మందీ పోయారు. 1947లో దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు దాటుతున్న స్టార్ డస్ట్ అనే విమానానికి పై గాలి ఎదురు కొట్టడంతో అనుకున్నంత దూరం రానేలేదు, కొండలు దాటేశామనుకుని కిందికి దిగారు, పదకొండు మంది మంచులో కలిసిపోయారు, శకలాలు బయటపడటానికి యాభై ఏళ్లు పట్టింది.

మనవాళ్లవీ ఉన్నాయి. 1950లో ఎయిర్ ఇండియా విమానం మలబార్ ప్రిన్సెస్ యూరప్‌లోని ఆల్ప్స్ కొండల్లో మోంట్ బ్లాంక్‌ను గుద్దుకుని 48 మంది పోయారు. మళ్లీ 1966 జనవరి 24న అదే కొండ, అదే ఎయిర్ ఇండియా, ఈసారి బోయింగ్ 707, 117 మంది, వాళ్లలో అణుశాస్త్రవేత్త హోమీ భాభా ఒకరు. దారి చూపించే రేడియో పరికరాల్లో ఒకటి అప్పటికే పనిచేయడం లేదు, కొండ ఇంకా ముందే ఉందని కింద రాడార్ దగ్గరున్నాయన చెప్పిన మాట పైలట్‌కు వేరేగా అర్థమైంది. దాటేశామనుకున్నారు, అంతే. అక్కడి హిమానీనదం ఇప్పటికీ ఆ విమానాల సామాన్లను బయటికి తోస్తూనే ఉంది.

ఇప్పటి విమానాల్లో నేల దగ్గరపడితే అరిచి చెప్పే పరికరం ఉంటుంది, డాన్ బేట్‌మన్ అనే ఇంజనీరు జీవితమంతా దాని మీదే పనిచేశాడు. మొదట్లో అది కిందున్న నేల ఎత్తునే చూసేది, తర్వాత కొండల మ్యాప్ కూడా అందులోకి ఎక్కించాక ముందున్న గుట్టను కూడా పసిగడుతోంది. అయినా మబ్బు మబ్బే. 2009 సెప్టెంబర్ 2న పావురాలగుట్ట దగ్గర వైఎస్ హెలికాప్టర్‌కు ఏం జరిగిందో కడపవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ రాత్రంతా మా ఇంట్లో టీవీ ఆపలేదు.

ఒక స్టార్ తగ్గించింది హైదరాబాద్‌లో దిగాక జరిగినదానికి. రెండు గంటలు కౌంటర్ దగ్గర ఎవరూ ఏమీ చెప్పలేదు, పెద్దవాళ్లకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. పైలట్ అంత బాధ్యతగా ఉన్నప్పుడు కింద ఉన్నవాళ్లు ఒక మాట చెబితే జనం అంత టెన్షన్ పడేవాళ్లు కాదు. అడగ్గా అడగ్గా మరుసటి రోజుకు టికెట్ మార్చారు, అదనంగా డబ్బు అడగలేదు.

వానాకాలంలో పెళ్లికో ఇంటర్వ్యూకో వచ్చేవాళ్లు ఒకరోజు ముందుకు బుక్ చేసుకోండి.